నల్లగొండలో డ్యూయల్ బూట్ సర్వీస్: ఎనిమిది వందలకు ఏం చేసిచ్చారంటే

నల్లగొండ గడియారం సెంటర్‌కి దగ్గర్లో, మెట్లెక్కి పైకి వెళ్లాల్సిన ఓ చిన్న కంప్యూటర్ దుకాణంలో నా కొత్త ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 పక్కన లైనక్స్ మింట్ వేయించుకున్నాను. లైనక్స్ అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్), మింట్ అందులో ఒక రకం. రెండు ఓఎస్‌లూ ఒకే కంప్యూటర్‌లో ఉండి, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకోవడమే డ్యూయల్ బూట్. ఎనిమిది వందలు తీసుకున్నారు. ఐదు స్టార్లకు నాలుగు ఇస్తున్నాను. దుకాణం పేరు రాస్తానంటే అక్కడి అబ్బాయే వద్దన్నాడు. "పేరు రాయకక్కా, రేపటి సంది అందరు ఫోన్ చేసి ఫ్రీగ డౌట్లడుగుతరు" అన్నాడు. సరే, అతని ఇష్టం. పేరు లేకపోయినా పని ఎలా చేశాడో రాస్తాను. మీరు ఏ ఊళ్లో ఏ దుకాణానికి వెళ్లినా ఏం అడగాలో, వాళ్లు మిమ్మల్ని ఏం అడగాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

నాది డీటీపీ, జిరాక్స్ పని. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, దశదిన కర్మ కార్డులు, బడి ప్రశ్నపత్రాలు, ఎలక్షన్లు వస్తే కరపత్రాలు. కార్డు పైన చెరువుగట్టు జడల రామలింగేశ్వర స్వామి పేరో, యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరో పెట్టే దగ్గర్నుంచి కింద బంధుమిత్రుల అభినందనల దాకా అంతా అను అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత చిన్న సవరణలే తప్ప ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. అయినా నాలాంటి వాళ్లం ఇప్పటికీ దాని మీదే కూడు తింటున్నాం. నేను వాడే ఈ రెండూ విండోస్‌లో నడిచేవే, కాబట్టి విండోస్ వదిలేసే మాటే లేదు.

మరి లైనక్స్ ఎందుకంటే పెన్‌డ్రైవ్‌ల కోసం. జిరాక్స్ షాపు నడిపేవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. ఎవరో పిల్లాడు రెజ్యూమే ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ ఇస్తాడు. తెరిస్తే ఫోల్డర్లు ఉండవు, వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు ఉంటాయి. ఒకటి నొక్కామా, ఆ షార్ట్‌కట్ వైరస్ మన సిస్టమ్‌లో దిగుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి కస్టమర్ పెన్‌డ్రైవ్‌కీ మనమే అంటిస్తాం. నిజానికి ఆ పిల్లాడి ఫైళ్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని దాచిపెడుతుంది, అంతే. అదే పెన్‌డ్రైవ్‌ని లైనక్స్‌లో పెడితే విండోస్ దాపరికం అక్కడ చెల్లదు. అసలు ఫోల్డర్లు మామూలుగా కనబడతాయి, పక్కనే ఆ షార్ట్‌కట్‌లు పనికిరాని ఫైళ్లలా పడి ఉంటాయి. ఫైలు తీసి ప్రింట్ కొట్టి, ఆ చెత్తని చెరిపేసి ఇవ్వొచ్చు. మొదటిసారి ఇది చూసి ఒక డిగ్రీ అమ్మాయి "ఆంటీ, నా ప్రాజెక్ట్ దొరికిందా!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎనిమిది వందలకి అక్కడే సగం గిట్టుబాటు అయిందనిపించింది.

పాత డెస్క్‌టాప్ మీదే ఇది చేద్దామనుకుంటుండగా దాని మదర్‌బోర్డు పోయింది. ఎలాగూ దానికి రోజులు దగ్గర పడ్డాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి, నాది నాలుగో తరం. అందుకే పన్నెండో తరం ఐ5, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాను. ఎనిమిది జీబీ ర్యామ్‌తో వచ్చింది. లోపల ఇంకో స్లాట్ ఖాళీగా ఉంది, తర్వాత చూసుకోవచ్చు.

ఇక దుకాణాల సంగతి. ముందు వేరే దుకాణంలో అడిగాను. "ఐదు వందలిస్తే ఫార్మాట్ కొట్టి రెండూ వేస్తం" అన్నారు. కొత్త ల్యాప్‌టాప్‌ని ఫార్మాట్ ఎందుకు కొట్టాలంటే, "గట్లైతేనే నీట్‌గ వస్తది" అన్నారు. ఇక్కడ ఒక విషయం తెలుసుకుని ఉండాలి. విండోస్‌తో పాటు అమ్మే ల్యాప్‌టాప్‌లకి ఆ విండోస్ లైసెన్స్ కీ మదర్‌బోర్డులోని చిప్‌లోనే రాసి ఉంటుంది. హోమ్ ఎడిషన్‌తో కొంటే, మళ్లీ హోమ్ వేసి నెట్ పెడితే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. కానీ ఆ దుకాణంలో చేతికందిన పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ప్రో. అది వేస్తే చిప్‌లోని కీ దానికి పనిచేయదు. అప్పుడు ఏదో క్రాక్ పెట్టి నడిపిస్తారు. డబ్బు పెట్టి కొన్న ఒరిజినల్ విండోస్‌ని తీసేసి దొంగ విండోస్ వేయించుకోవడానికి మళ్లీ మనమే ఐదు వందలివ్వాలన్నమాట. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి పోతే బాగా చేస్తారని ఒకరన్నారు. నార్కట్‌పల్లి మీదుగా బస్సులో పోయి రావడం, ఆ రోజంతా షాపు మూయడం లెక్కేసుకుంటే అది తేలిక బేరం కాదు.

గడియారం సెంటర్ దుకాణానికి వెళ్లాక ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ మూత కూడా తెరవకముందే అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇది ఎవరి మెయిల్ మీద లాగిన్ అయ్యుందక్కా?"

నాకు తెలియదు. షోరూంలో బిల్లు కొట్టాక అక్కడి కుర్రాడే అన్నీ సెట్ చేసి ఇచ్చాడు. తెరిచి చూస్తే నాకు సంబంధం లేని ఏదో మెయిల్ ఐడీ ఉంది. బహుశా వచ్చిన ప్రతి ల్యాప్‌టాప్‌కీ అదే వాడుతున్నట్టున్నారు. నేనైతే దీన్ని పెద్ద విషయం అనుకునేదాన్ని కాదు. అతను మాత్రం సెట్టింగ్స్‌లోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉండటం చూపించి, కుర్చీ ముందుకు లాక్కుని వివరంగా చెప్పాడు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్ మొత్తానికీ విండోస్ సొంత బిట్‌లాకర్‌తో తాళం పడుతుంది. హోమ్ ఎడిషన్‌లో కూడా అంతే, మనల్ని అడగదు. ఆ తాళానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. అది ఎవరి ఖాతాతో లాగిన్ అయ్యామో ఆ ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది. రోజూ వాడుకుంటున్నంత కాలం ఆ సంగతే గుర్తుకు రాదు. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్‌లలో, కొన్నింటిని మార్చామా, మరుసటిసారి ఆన్ చేసినప్పుడు నీలం రంగు తెర మీద ఆ 48 అంకెలూ అడుగుతుంది. కీ లేకపోతే డిస్క్‌లో ఉన్నవి ఇక దొరకవు, ఎంత పెద్ద ఇంజనీర్ వచ్చినా సరే. నా కీ ఆ షోరూం కుర్రాడి ఖాతాలో ఉంది.

"లైనక్స్ వేయాలంటే బయోస్ ముట్టుకోవాలె. ముట్టుకుంటే గిది అడుగుతది. అప్పుడు ఆ పిలగాడికి ఫోన్ చేస్తవా?" అన్నాడు.

నన్నడిగితే నేనిచ్చిన ఎనిమిది వందలు ఈ ప్రశ్నకే. ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేం కాదు, పావుగంట ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. యూట్యూబ్ చూసి ఎవరైనా చేస్తారు. ముట్టుకునే ముందు ఏం చూస్తారన్నదే దుకాణానికీ దుకాణానికీ తేడా.

తర్వాత అతను చేసినవి నా కళ్లముందే చేశాడు. ముందు నా మెయిల్‌తో ఖాతా మార్చాడు. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే ఎంఎస్ ఆఫీస్ ఇంకా ఎవరూ యాక్టివేట్ చేయలేదని చూసి "బతికినవక్కా" అన్నాడు. అది ఏ ఖాతాతో మొదట యాక్టివేట్ చేస్తే ఆ ఖాతాకే అంటుకుంటుందట. తర్వాత డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపేశాడు. ఆపిన వెంటనే అయిపోదు, డిస్క్ మొత్తం మళ్లీ విప్పుకోవాలి. కొత్తది కాబట్టి చాయ్ తాగి వచ్చేలోపు అయిపోయింది. ఆపేస్తే ల్యాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోతే లోపలివన్నీ చూడగలరు, ఆ మాట కూడా ముందే చెప్పాడు. నాది షాపు దాటి బయటికి పోని ల్యాప్‌టాప్. పెళ్లి కార్డులు దొంగ చూసినా నష్టం లేదు. బ్యాంకు లెక్కలు, ఆఫీసు ఫైళ్లు ఉన్నవాళ్లు మాత్రం దీన్ని ఆపకుండా, కీ తమ ఖాతాలో ఉందని చూసుకుని, కాగితం మీద కూడా రాసి పెట్టుకుని పని చేయించుకోవడమే మంచిది.

ఆ తర్వాత ఫాస్ట్ స్టార్టప్ తీసేశాడు. దీని గురించి నాకు అసలు తెలియదు. మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. మళ్లీ త్వరగా లేవడానికి సగం నిద్రలో ఉంటుంది, డిస్క్‌ని కూడా సగం పట్టుకునే ఉంటుంది. ఆ స్థితిలో లైనక్స్ ఆ డిస్క్‌ని తెరిస్తే చదవనిస్తుంది కానీ రాయనివ్వదు. బలవంతంగా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. రెండు ఓఎస్‌లకీ ఉమ్మడిగా డీ డ్రైవ్ కావాలని నేనడిగాను కాబట్టి ఇది తీసేయడం తప్పనిసరి.

నేను తీసుకెళ్లిన ఖాళీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ రికవరీ డ్రైవ్ చేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో రాసి నా చేతికిచ్చాడు. ఇది చాలామంది అడగరు, దుకాణం వాళ్లు చెప్పరు.

అసలు పరీక్ష బయోస్ దగ్గర. ఇంటెల్ పదకొండో తరం నుంచి వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీని నడిపే తీరుకి సంబంధించి వీఎండీ అని ఒక సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే లైనక్స్ ఇన్‌స్టాలర్‌కి చాలాసార్లు ఎస్‌ఎస్‌డీయే కనబడదు. లేదా ఆర్‌ఎస్‌టీ (డిస్క్‌లని చూసుకునే ఇంటెల్ ఏర్పాటు) ఆపమని చెప్పి అక్కడే ఆగిపోతుంది. ఇక్కడే తెలియనివాళ్లు "మీ ల్యాప్‌టాప్‌కి లైనక్స్ ఎక్కదు" అని చేతులెత్తేస్తారు. కొంచెం తెలిసినవాళ్లు ఇంకా ప్రమాదం. వీఎండీ ఆఫ్ చేసి లైనక్స్ వేసేస్తారు, తర్వాత విండోస్ లేవదు. బూట్ డివైస్ దొరకలేదని ఎర్రర్ చూపించి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది. ఎందుకంటే విండోస్ ఆ పాత సెట్టింగ్‌కి తగ్గ డ్రైవర్‌తోనే (పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్‌తోనే) లేవడం నేర్చుకుని ఉంటుంది.

మన అబ్బాయి ముందు విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి వీఎండీ ఉందో లేదో చూశాడు. ఉంది. ఒక కమాండ్ కొట్టి విండోస్‌ని మరుసటిసారి సేఫ్ మోడ్‌లో, అంటే అవసరమైనంత మటుకే నడిచేలా, లేచేలా పెట్టాడు. రీస్టార్ట్ చేసి ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లాడు. అక్కడ ఆ ఆప్షన్ లేదు. నాకు టెన్షన్ మొదలైంది. అతను మెయిన్ ట్యాబ్‌లోకి వెళ్లి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కాడు. అప్పటిదాకా లేని లైను ఒకటి తెర మీదికి వచ్చింది. కొన్ని కంపెనీల మోడళ్లలో దాన్ని అలా దాచిపెడతారట. ఆఫ్ చేశాడు, విండోస్ నల్లటి తెరతో, నాలుగు మూలలా సేఫ్ మోడ్ అన్న అక్షరాలతో లేచింది. ఆ సేఫ్ మోడ్‌లోనే విండోస్ కొత్త డ్రైవర్ పట్టుకుంటుంది. సేఫ్ మోడ్ కమాండ్ వెనక్కి తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే మామూలుగా వచ్చింది. ఎన్‌క్రిప్షన్ ముందే ఆపి ఉండకపోతే ఈ మధ్యలోనే ఆ 48 అంకెల తెర వచ్చి నిలబడేది. ఏది ముందు ఏది వెనక అన్నది అతను ఎందుకంత పట్టుగా చూశాడో అప్పుడర్థమైంది.

పార్టిషన్ల దగ్గర, అంటే డిస్క్‌ని ముక్కలు చేసే దగ్గర, పెద్ద కథ లేదు. 512 అని అమ్మినా విండోస్‌లో 476 జీబీలే కనబడతాయి, లెక్క కట్టే పద్ధతి వేరు. సీకి 200, డీకి 150, మిగిలింది మింట్‌కి ఇచ్చాడు. సీ డ్రైవ్‌ని కుదించేటప్పుడు విండోస్ మొదట తక్కువే ఇస్తానంది. హైబర్నేషన్ (ర్యామ్‌లో ఉన్నది డిస్క్ మీద దాచి నిద్రపోయే ఏర్పాటు) ఆపాక కావలసినంత ఇచ్చింది. ఒకటే జాగ్రత్త: మొదట్లో ఈఎఫ్‌ఐ అని వంద, రెండు వందల ఎంబీల చిన్న ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని లైనక్స్ కూడా వాడుకుంటుంది. దాన్ని ఫార్మాట్ చేస్తే మాత్రం విండోస్ లేచే దారి మూసుకుపోతుంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు మింట్‌ని పెన్‌డ్రైవ్ మీదే నడిపి, నన్ను కూర్చోబెట్టి వైఫై, స్పీకర్లు, కెమెరా, టచ్‌ప్యాడ్, వెలుతురు తగ్గించే బటన్లు అన్నీ నొక్కి చూడమన్నాడు. కొన్ని వైఫై చిప్‌లకి లైనక్స్‌లో డ్రైవర్ ముందే ఉండదు, విడిగా దింపుకోవాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది, దాంతో మిగతావి దింపుకోవచ్చు. నాది మొదటే పట్టుకుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే లేవనిచ్చే బయోస్ సెట్టింగ్) ఆఫ్ చేయలేదు. యూట్యూబ్‌లో చాలామంది ముందు దాన్నే ఆఫ్ చేయమంటారు, కానీ ఉబుంటు (ఇంకో రకం లైనక్స్), మింట్ లాంటివి అది ఆన్‌లో ఉన్నా లేస్తాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌కైతే డ్రైవర్ వేశాక రీస్టార్ట్‌లో ఆ డ్రైవర్‌ని అనుమతించమని మోక్ అనే నీలం తెర ఒకటి రావచ్చు, వస్తే అక్కడ మనం పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలి. కంగారుపడి ముందుకు పోనిస్తే డ్రైవర్ పనిచేయదు. నాకు ఆ గొడవ లేదు.

ఉబుంటు కాకుండా మింట్ ఎందుకంటే, అది నేను అడిగింది కాదు, అతనే ఎంచి ఇచ్చాడు. నేను ఎన్నేళ్లుగా ఏం వాడానో అడిగి, "నీకు కింద స్టార్ట్ బటన్ ఉండాలె" అన్నాడు. మింట్‌లో సినమన్ అనే తెర రూపం చూస్తే నిజంగానే విండోస్ 7 రోజులు గుర్తొస్తాయి. మింట్ 22 వచ్చింది 2024 జులైలో. ఉబుంటు 24.04 మీద కట్టింది కాబట్టి 2029 దాకా సపోర్ట్ ఉంది. అంతవరకూ మళ్లీ ఎవరి మెట్లూ ఎక్కక్కర్లేదు.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక్క స్టార్ సంగతి.

మరుసటి పొద్దున షాపు తెరిచి విండోస్‌లోకి వెళ్తే గోడ గడియారంలో పది దాటి పది నిమిషాలు, ల్యాప్‌టాప్‌లో తెల్లవారుజాము నాలుగు నలభై. సరిగ్గా ఐదున్నర గంటల తేడా. ఫోన్ చేస్తే నవ్వాడు. లోపలి గడియారాన్ని విండోస్ మన ఊరి టైము అనుకుంటుంది, లైనక్స్ దాన్ని గ్రీనిచ్ టైముగా రాస్తుంది. మనం గ్రీనిచ్‌కి ఐదున్నర గంటలు ముందున్నాం కదా, ఆ తేడాయే ఇది. వాట్సాప్‌లో ఒక లైను కమాండ్ పంపాడు. మింట్‌లో టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి అతికించి ఎంటర్ కొడితే సరిపోయింది. మంచిదే. కానీ ఇది విండోస్, లైనక్స్ డ్యూయల్ బూట్‌లో మామూలుగా వచ్చే తేడా. మనం ఉన్న దేశంలో ఉన్నన్నాళ్లూ అదే ఐదున్నర గంటలు. ముందే చేసి ఇవ్వొచ్చు కదా! బిల్లు మీద టైము పడే వ్యాపారస్థుడికైతే ఆ పొద్దున ఇచ్చిన బిల్లులన్నీ తప్పే.

తెలుగు టైపింగ్ కూడా పెట్టి ఇవ్వలేదు. "అది నీ పనక్కా, నాకు తెలుగు కీబోర్డు రాదు" అన్నాడు. నిజాయితీగా చెప్పాడు కాబట్టి కోపం రాలేదు. టైపింగ్ భాషలు మార్చే ఐబస్, దాంతో పాటు కీబోర్డు లేఅవుట్లు ఉండే ఎం17ఎన్ అనే ప్యాకేజీ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోంచి నేనే వేసుకున్నాను. అందులో తెలుగుకి ప్రభుత్వ ప్రామాణిక లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ ఉంది, యాపిల్ లేఅవుట్ కూడా ఉంది. డీటీపీలో యాపిల్ మీద చేయి తిరిగినవాళ్లకి ఇది చిన్న వరం కాదు. బడి ప్రశ్నపత్రాలు ఇప్పుడు ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత లిబ్రేఆఫీస్‌లో, అన్ని ఫోన్లూ చదివే యూనికోడ్‌లోనే కొడుతున్నాను. సార్లు ఫోన్‌లో తెరిచినా అక్షరాలు చెదరవు. మండలి, రామభద్ర, గురజాడ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పేజ్‌మేకర్ ఫైళ్లు లిబ్రేఆఫీస్ డ్రాలో తెరుచుకుంటాయి కానీ కస్టమర్‌కి చూపించే స్థితిలో ఉండవు. పెళ్లి కార్డుల దగ్గర ఆ ఆశ పెట్టుకోకండి.

ప్రింటర్లు కూడా పరీక్షించలేదు. నా దగ్గర రెండున్నాయి. హెచ్‌పీది కేబుల్ పెట్టగానే మింట్ పట్టేసుకుంది, కస్టమర్ల ప్రింట్లన్నీ దాంట్లోంచే. మాస్టర్లు (కార్డుల అచ్చుకి వాడే మూల ప్రతులు) తీసే పాత లేజర్ ప్రింటర్ మాత్రం మింట్‌లో ఉలకదు పలకదు. దాని మాస్టర్లు పేజ్‌మేకర్‌లోంచే కదా వచ్చేది, విండోస్‌లో ఉంటే నాకు చాలు. ఒకే ప్రింటర్ ఉన్నవాళ్లైతే దాన్ని మోసుకెళ్లైనా సరే, అక్కడే పెట్టించి చూసుకోండి.

కొత్తవాళ్లని భయపెట్టే ఇంకో సంగతుంది. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి వచ్చి చాలామంది డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లైనక్స్‌ని లేవనివ్వలేదు. సెక్యూర్ బూట్‌కి సంబంధించిన సెక్యూరిటీ మార్పు అది, దాన్ని పూర్తిగా సరిచేసేసరికి 2025 వచ్చింది. అలాంటివి మళ్లీ రావన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అందుకే అతను రెండు విషయాలు చూపించి పంపాడు. ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కితే బూట్ జాబితా వస్తుంది. అందులో మింట్ ఉండదు, ఉబుంటు అని ఉంటుంది, మింట్ అదే. విండోస్ అప్‌డేట్ తర్వాత విండోసా మింటా అని అడిగే ఎంపిక తెర మాయమైతే ఇక్కడ్నుంచి లేపుకోవచ్చు. ఎఫ్12 ముందు పనిచేయలేదు, బయోస్‌లో దాన్ని ఆన్ చేసి ఇచ్చాడు. రెండోది, ఆ ఎంపిక తెర పోయినసారి ఏది వాడామో దాని మీదే నిలబడేలా పెట్టాడు. ఇది నేనడిగి చేయించుకున్నది, అడగకపోతే ప్రతిసారీ మింట్ మీదే నిలబడేది.

వాడుక ఎలా ఉందంటే, పెళ్లిళ్లు లేని రోజుల్లో హాయిగా ఉంది. పొద్దున మింట్, మధ్యాహ్నం తర్వాత కార్డుల పని ఉంటే విండోస్. మాఘమాసం, వైశాఖం వచ్చాయంటే వేరు. ఒక పక్క పెళ్లికొడుకు మేనమామ ప్రూఫ్ దిద్దుతూ "మా బావ పేరు ముందల కీర్తిశేషులు పెట్టలే" అంటుంటాడు, ఇంకో పక్క ఎవరో పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడతారు. అప్పుడు పేజ్‌మేకర్ మూసి, రీస్టార్ట్ కొట్టి, ప్రింట్ ఇచ్చి మళ్లీ వెనక్కి రావడం కుదరదు. పెన్‌డ్రైవ్ మనిషిని కూర్చోమంటాను, లేకపోతే ఫైలు వాట్సాప్‌లో పంపమంటాను. రోజంతా అటూ ఇటూ మారాల్సిన పనైతే డ్యూయల్ బూట్ కన్నా ఒక పాత డెస్క్‌టాప్ కొని దాంట్లో మింట్ ఒక్కటే వేయించుకోవడం నయం. అతను కూడా మొదట అదే చెప్పాడు, అమ్ముడుపోయే సర్వీసుని వద్దని చెప్పే దుకాణం కాబట్టే నమ్మకం కలిగింది. విండోస్ లోపలే వర్చువల్ మెషిన్‌లో లైనక్స్ నడిపే దారి కూడా ఉంది, కానీ ఎనిమిది జీబీ ర్యామ్‌లో రెండూ ఊపిరాడక కొట్టుకుంటాయి. పైగా పెన్‌డ్రైవ్ ముందు విండోస్‌కే తగులుతుంది, నాకు వద్దన్నదే అది.

క్రాక్ సాఫ్ట్‌వేర్ ఏదీ వేయనని ముందే చెప్పేస్తాడు, ఫొటోషాప్ కోసం ఆశపడి వెళ్లకండి. మా వృత్తిలో ఎవరి దగ్గర ఎన్ని ఒరిజినల్ సీడీలున్నాయని నన్ను మాత్రం అడగొద్దు.

వెళ్లాలనుకునే వాళ్లకి. ఆదివారం మూసి ఉంటుంది, రాత్రి ఎనిమిది దాటితే ఫోన్ ఎత్తడు. కూర్చోవడానికి ఒక్కటే ప్లాస్టిక్ స్టూలు, ఎండాకాలం మధ్యాహ్నం ఆ పైఅంతస్తులో కూర్చోలేం, పొద్దున్నే వెళ్లండి. బ్యాటరీ నిండుగా ఉంచి చార్జర్ కూడా తీసుకెళ్లండి, మధ్యలో కరెంటు పోయినా పార్టిషన్ పని ఆగకూడదు. 32 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి, మీ మైక్రోసాఫ్ట్ మెయిల్ పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే ఫోను దగ్గరుంచుకోండి. రసీదు అడిగితేనే ఇస్తాడు, అదీ చేత్తో రాసి. అడగండి, దాని వెనక ఆ గడియారం కమాండ్ కూడా రాసివ్వమనండి.